రెండో గేర్ దాటకముందే అయిపోయే రోడ్డు

బండి సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికాలో ఉన్న పాఠకులవే. అన్నీ రెండు బండ్ల చుట్టూనే తిరిగాయి. ఒకటి 2006–2011 మధ్య వచ్చిన హోండా సివిక్ కూపే, అంటే రెండు తలుపుల సివిక్. రెండోది 2005–2013 మధ్య అమ్మిన ఆరో తరం షెవర్లే కార్వెట్, అందరూ సి6 అని పిలిచేది. చదువుకునే రోజుల్లో కొన్న సివిక్ ఇంకా నడుస్తూనే ఉంది. అప్పట్లో పక్క లేన్‌లో చూసి మురిసిపోయిన కార్వెట్ ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో చేతికందే ధరకు దిగింది. కాబట్టి ఈసారి పేజీ అంతా వీటికే.

ప్రశ్న: నా దగ్గర 2008 సివిక్ కూపే ఉంది. ఆటోమేటిక్, 1,42,000 మైళ్లు తిరిగింది. ఆఫీసు 22 మైళ్ల దూరం, దారిలో ట్రాఫిక్ బాగా ఉంటుంది. 2008 కార్వెట్ మాన్యువల్ ఒకటి 38,000 మైళ్లతో అమ్మకానికి ఉంది. సివిక్ అమ్మేసి దాన్నే రోజూ వాడొచ్చా? అసలు రెండిటికీ తేడా ఎంత? (ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: ముందు కాగితం మీద లెక్క. 2008 కార్వెట్‌లో ఎల్‌ఎస్3 అనే 6.2 లీటర్ల వీ8 ఇంజిన్, 430 హార్స్‌పవర్. బండి బరువు దాదాపు 1,450 కిలోలు. మీ సివిక్‌లో 1.8 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, 140 హార్స్‌పవర్, బరువు 1,225 కిలోల దగ్గర. అంటే కార్వెట్‌లో ఒక్కో హార్స్‌పవర్ మీద పడే బరువు మూడున్నర కిలోల లోపే. సివిక్‌లో ఎనిమిదిన్నర కిలోల పైమాటే. నిలబడ్డ చోటి నుంచి 60 మైళ్ల వేగం అందుకోవడానికి కార్వెట్‌కు నాలుగున్నర సెకన్లు కూడా పట్టదు. మీ ఆటోమేటిక్ సివిక్‌కు దానికి రెట్టింపు పడుతుంది.

ఇప్పుడు అదే లెక్కను మీ దారిలో పెట్టి చూడండి. ఆ ఏడాది మామూలు మాన్యువల్ కార్వెట్‌లో మొదటి గేర్ నిష్పత్తి 2.66, రెండోది 1.78, వెనక డిఫరెన్షియల్ 3.42. వెనక టైరు సైజు 285/35 ఆర్19. ఇంజిన్‌ను నిమిషానికి 6,500 చుట్ల దాకా తిప్పితే మొదటి గేర్‌లోనే బండి 57 మైళ్లు అందుకుంటుంది, రెండో గేర్‌లో 85 మైళ్లు. మీ రాష్ట్రంలోనే ఆస్టిన్ పక్కనుంచి దక్షిణానికి పోయే ఎస్‌హెచ్ 130 టోల్ రోడ్డు మీద కొంత భాగంలో 85 మైళ్ల హద్దు ఉంది. అమెరికాలో ఎక్కడా అంతకు మించి లేదు. ఈ దేశంలో చట్టం ఒప్పుకునే అత్యధిక వేగానికి ఈ బండికి రెండో గేర్ చాలన్నమాట. ఊళ్లో 35 మైళ్ల రోడ్డు మీదైతే ఒకటో గేర్‌లో మూడింట రెండొంతుల దూరం కూడా పోకుండానే కాలు తీయాలి.

65 మైళ్ల దగ్గర నిలకడగా పోతున్నప్పుడు ఈ రెండు కార్లలో దేనికైనా గాలినీ టైర్ల రాపిడినీ తట్టుకోవడానికి 20 హార్స్‌పవర్ చాలు. మిగతా 410 ఊరికే కూర్చుని ఉంటాయి. ఆరో గేర్ నిష్పత్తి 0.50 కాబట్టి ఆ వేగంలో కార్వెట్ ఇంజిన్ 1,400 మాత్రమే తిరుగుతుంది. అంత పెద్ద ఇంజిన్ హైవే మీద గ్యాలన్‌కు 26 మైళ్లు ఇవ్వడానికి కారణం ఇదే. ఊళ్లో మాత్రం 16కి పడిపోతుంది. రెండూ కలిపి ప్రభుత్వ లెక్క 19. మీ సివిక్‌ది 29. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే కార్వెట్ దాదాపు 630 గ్యాలన్లు తాగుతుంది, సివిక్ 415 దగ్గర ఆగుతుంది. పైగా కార్వెట్‌కు ప్రీమియం పోయించమని కంపెనీ మాట.

ట్రాఫిక్ సంగతి. క్లచ్ మరీ ఇనుప ముక్కలా ఉండదు. ఇంజిన్‌లో ఊపు ఎక్కువ కాబట్టి ఎక్సలరేటర్ తొక్కకుండానే మొదటి గేర్‌లో మెల్లగా పాకుతుంది. చిరాకు పెట్టేది ఇంకొకటి ఉంది. 15–20 మైళ్ల మధ్య, కాలు తేలిగ్గా పెట్టి, ఒకటి నుంచి రెండుకు మారుద్దామంటే గేర్ కర్ర తిన్నగా నాలుగులోకి జారుతుంది. గేర్‌బాక్స్ పాడైందని కొత్తవాళ్లు కంగారుపడతారు. అది మైలేజీ పరీక్షల కోసం కంపెనీ పెట్టిన అడ్డు. కొంచెం గట్టిగా తొక్కి, వేగం ఇంకాస్త పెరిగాక మారిస్తే అడ్డు పడదు. గేర్‌బాక్స్ పక్కనున్న సోలెనాయిడ్ ప్లగ్ తీసి మధ్యలో పెట్టే చిన్న డమ్మీ కనెక్టర్ కూడా దొరుకుతుంది.

ముక్కు కింద వేలాడే నల్ల రబ్బరు పలక పార్కింగ్ అడ్డుకట్టలకూ అపార్ట్‌మెంట్ ర్యాంపులకూ రాసుకుంటుంది. ఆ చప్పుడుకు గుండె జారనక్కర్లేదు, వంగడానికే దాన్ని రబ్బరుతో చేశారు. కానీ ఊడిపోతే మాత్రం వెంటనే పెట్టించండి. ఈ కారు రేడియేటర్‌కు కావలసిన గాలి చాలావరకు ముందు జాలీలోంచి కాక కిందనుంచి తీసుకుంటుంది. ఆ పలకే గాలిని పైకి మళ్లిస్తుంది. అది లేకుండా హైవే ఎక్కితే వేడి ముల్లు పైకి పాకుతుంది, థర్మోస్టాట్ మార్చినా తగ్గదు.

డిక్కీ విషయంలో ఆశ్చర్యం ఏమిటంటే కార్వెట్‌దే పెద్దది. సివిక్ కూపేది 11.5 ఘనపుటడుగులైతే దీనిది 22 పైన. ఊడదీసే టాప్ పలకను వెనక పెడితే ఆ చోటు పోతుంది, అది వేరే సంగతి. అయితే సీట్లు రెండే. అమ్మానాన్నలు డాలస్ ఎయిర్‌పోర్టులో దిగితే పెట్టెలన్నీ పడతాయి, ఇద్దరిలో ఒకరు పట్టరు.

ఇన్సూరెన్స్‌లో ఇంకో మెలిక. పాత సివిక్ కదా అని టెక్సస్‌లో చాలామంది చట్టం అడిగే కనీసపు లయబిలిటీతోనే, అంటే ఎదుటివారి నష్టానికి మాత్రమే ఇచ్చే బీమాతోనే, సరిపెడతారు. అది మనిషికి 30,000 డాలర్లు, మొత్తం ప్రమాదానికి 60,000, ఆస్తి నష్టానికి 25,000. కార్వెట్‌కు ఫుల్ కవరేజ్ తప్పదు, ముఖ్యంగా వడగళ్ల కోసం. దాని ఒళ్లు ఇనుప రేకు కాదు, ఫైబర్ మిశ్రమం. సివిక్ డోరుకు పడ్డ సొట్టను వెనకనుంచి నొక్కి తీయగలిగినట్టు దీనికి కుదరదు. రంగు పగుళ్లిస్తుంది, మళ్లీ కొట్టించుకోవాలి.

మా సలహా: సివిక్ అమ్మకండి. ఇంత తిరిగిన పాత బండికి వచ్చే డబ్బు కార్వెట్ టైర్లకూ ఇన్సూరెన్స్‌కూ చూస్తుండగానే కరిగిపోతుంది. గరాజ్‌లో రెండో కారుకు చోటుంటే కార్వెట్‌ను వారాంతపు బండిగా పెట్టుకోండి. చోటు లేకపోతే ఇంకో ఏడాది ఆగండి. ఎండలో, వడగళ్లలో, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పెట్టి రోజూ 44 మైళ్లు ట్రాఫిక్‌లో నడిపితే ఏడాది తిరిగేసరికి ఆ బండి మీద మోజు పోయి ఖర్చే మిగులుతుంది.

ప్రశ్న: తక్కువ మైళ్లు తిరిగిన సి6 చూస్తున్నాను. ఓనర్ ‘ఎక్కువ గరాజ్‌లోనే ఉంది’ అంటున్నారు. కొనేముందు ఏమేం చూడాలి? మాకు చలి ఎక్కువ, అది కూడా గమనించగలరు. (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: ‘గరాజ్‌లోనే ఉంది’ అన్న మాట విన్నప్పుడు మొదట టైర్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చోండి. టైరు పక్కగోడ మీద డాట్ అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారంలో తయారైందని. పట్టీ (ట్రెడ్) లోతు కొత్తదానిలా ఉన్నా రబ్బరు మాత్రం ఏళ్ల తరబడి గట్టిపడుతూనే ఉంటుంది. ఆరేళ్లు దాటితే ఏటా చూపించాలి, పదేళ్లు దాటితే ఎంత బాగున్నా తీసెయ్యాలి. తక్కువ మైళ్ల కార్వెట్లు అరిగిపోయేలోపే ముసలివైపోయిన టైర్లతో దొరుకుతుంటాయి. పాత టైరు, 400 పైచిలుకు హార్స్‌పవర్, తడి రోడ్డు కలిస్తే వెనకభాగం పక్కకు తిరిగిపోతుంది. అప్పుడు తప్పు ఇంజిన్‌ది కాదు.

మీ చలి సంగతి కూడా ఇక్కడే. ఈ కార్లకు సాధారణంగా వేసేవి సమ్మర్ టైర్లు. 40 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు, అంటే 4–5 సెల్సియస్ దగ్గరే, వాటి పట్టు పడిపోతుంది. గడ్డకట్టే చలికి బాగా కిందికి దిగితే పట్టీలో పగుళ్లు కూడా రావచ్చు. ఎడిసన్‌లో డిసెంబరు నుంచి మార్చి దాకా ఆ బండిని నిలబెట్టడమో, ఆల్ సీజన్ టైర్లు వేయడమో చేయాలి. ముందు టైర్లు 245/40 ఆర్18, వెనకవి 285/35 ఆర్19. సైజులు వేరు కాబట్టి సివిక్‌లోలా ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి అరుగుదల సర్దుకోలేరు. మంచి కంపెనీవి నాలుగూ కొత్తవి కొంటే వెయ్యి డాలర్లు దాటుతుంది. బేరంలో ఈ మాట మీ వైపు పనికొస్తుంది.

ఇందులో స్టెప్నీ లేదు, జాకీ లేదు. కంపెనీ నుంచి వచ్చేవి రన్‌ఫ్లాట్లు. గాలి పూర్తిగా పోయినా 55 మైళ్ల వేగం దాటకుండా 50 మైళ్ల దాకా పోవచ్చు. గుడ్‌ఇయర్‌వైతే పక్కగోడ మీద ఈఎంటీ అని, మిషెలిన్‌వైతే జెడ్‌పీ అని రాసి ఉంటుంది. రన్‌ఫ్లాట్లు కుదుపు ఎక్కువ, మోత ఎక్కువ అని చాలామంది మామూలు టైర్లకు మారతారు. మారిస్తే తప్పులేదు, కానీ డిక్కీలో గాలి పంపు, పంక్చర్ కిట్ ఉండాలి. లేకపోతే టర్న్‌పైక్ మీద పంక్చరైన రోజు టో ట్రక్కే దిక్కు.

తర్వాత బోనెట్ ఎత్తించి ఇంజిన్ నడుస్తుండగా కిందవైపు బెల్టును తిప్పే చక్రం, అంటే క్రాంక్ పుల్లీని చూడండి. అది ఒకే ముక్క కాదు. లోపలి బొడ్డుకూ బయటి చక్రానికీ మధ్య రబ్బరు రింగు ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రబ్బరు వదులై బయటి చక్రం అటూ ఇటూ ఊగుతుంది. తల పక్కకు పెట్టి బెల్టు అంచు చూస్తే తెలుస్తుంది: నిటారుగా తిరగాల్సింది పాములా మెలికలు తిరుగుతుంటుంది. బెల్టు కీచుమనడం, ముందు సీల్ దగ్గర ఆయిల్ తడి దాని వెంటే వస్తాయి. పుల్లీ ధర పెద్దది కాదు, కూలీయే ఎక్కువ. దానికి సరిగ్గా ఎదురుగా స్టీరింగ్ ర్యాక్ ఉంటుంది, అది తప్పిస్తేగానీ పుల్లీ బయటికి రాదు. మధ్య బోల్టు సాగేరకం, ఒక్కసారికే పనికొస్తుంది. పాతదానితో పుల్లీని కూర్చోబెట్టి, కొత్త బోల్టు వేసి 37 ఫుట్ పౌండ్లు బిగించి, ఆపైన 140 డిగ్రీలు తిప్పాలి. పాత బోల్టే మళ్లీ బిగించే షెడ్డుకు ఆ పని ఇవ్వకండి.

మాన్యువల్ అయితే క్లచ్ ద్రవం చిన్న డబ్బా మూత తీయించండి. తేనె రంగులో ఉండాల్సింది బురద నీళ్లలా ఉంటే, ఎవరూ ఎన్నడూ దాని మొహం చూడలేదని అర్థం. క్లచ్ పొడి ఆ ద్రవంలోకి చేరుతుంది. ఎక్కువ వేగంలో గేర్ మార్చినప్పుడు పెడల్ పైకి రాకుండా కిందే ఉండిపోవడానికి ఇదొక కారణం. శుభ్రం చేయడం ఇంట్లో కూడా కుదురుతుంది. మూత చుట్టూ తుడిచి, పెద్ద సిరంజితో పాత ద్రవం లాగెయ్యండి. డబ్బా లోపల నూలు ఊడని గుడ్డతో తుడిచి, మూత మీద రాసిన గ్రేడు ద్రవమే కొత్త సీసాలోంచి పోయండి. మూతపెట్టి పెడల్‌ను 20–30 సార్లు పూర్తిగా తొక్కండి. మళ్లీ లాగి మళ్లీ పోయండి. రంగు తేటపడేదాకా ఇదే. మొదటిసారి ఒక సీసా మొత్తం అయిపోవచ్చు. ఆ ద్రవం చుక్క పడితే రంగు లేచిపోతుంది, పక్కనే నీళ్లు, గుడ్డ పెట్టుకోండి.

కిందనుంచి చూడటం మర్చిపోవద్దు. ఈ కారును ఎక్కడ పడితే అక్కడ జాకీ పెట్టి ఎత్తకూడదు. ముందు చక్రాల వెనక రెండు, వెనక చక్రాల ముందు రెండు, ఫ్రేములో కోలగా కంతలున్నాయి. వాటిలో రబ్బరు బిళ్ల దూర్చి దాని మీదే ఎత్తాలి. తెలియని షెడ్డువాళ్లు అంచు పలక కింద పెట్టేస్తారు, అది చిట్లుతుంది. అంచుల్లో పగుళ్లు కనిపిస్తే ఆ బండి ఎవరి చేతుల్లో పడిందో ఊహించుకోవచ్చు.

ఇక 2005, 2006 బండి చూస్తుంటే టాప్ పలక జిగురు ఊడి పలక గాలికి లేచే సమస్య మీద రీకాల్ జరిగింది, ఆ పని చేయించిన కాగితం అడగండి. ఆటోమేటిక్ కావాలంటే 2006 నుంచి ఆరు గేర్లది వచ్చింది. 2005ది నాలుగు గేర్లదే, వదిలెయ్యండి.

ప్రశ్న: మామూలు సి6 ధరలోనే దాని ఎక్కువ పవర్ రకం జడ్06 దొరుకుతోంది. 505 హార్స్‌పవర్ కదా, వదులుకోవడం ఎందుకు? (శాన్ హోసే)

జవాబు: అదే ధరకు దొరుకుతోందంటేనే అనుమానించాలి. జడ్06లోది 7.0 లీటర్ల ఎల్‌ఎస్7. అద్భుతమైన ఇంజిన్, ఒక్క బలహీనత: ఎగ్జాస్ట్ వాల్వ్ గైడ్లు, అంటే వాల్వ్‌ను తిన్నగా కదిలేలా పట్టుకునే చిన్న గొట్టాలు, త్వరగా అరగడం. గైడు వదులైతే వాల్వ్ అడ్డంగా ఊగుతూ దెబ్బతింటుంది. చివరికి దాని తల విరిగి సిలిండర్‌లో పడితే పిస్టన్, హెడ్, బ్లాక్ అన్నీ పోతాయి. ముందుగా చప్పుడు చేసి హెచ్చరిస్తుందన్న భరోసా లేదు. హెడ్లు విప్పించి గైడ్లు మార్చిన బిల్లు ఉంటే కొనండి. లేకపోతే ఆ పనికయ్యే డబ్బు ధరలోంచి తగ్గించమనండి. రోడ్డు మీద నడిపేవారికి 430 కూడా మిగులే, పై జవాబులో లెక్క చూశారుగా.

ప్రశ్న: పాత సి6 కొన్నాను. బయట తలుపు పిడి లేదు, లోపల కూడా బటనే. బ్యాటరీ పోతే ఎలా? (షార్లెట్)

జవాబు: అడగాల్సిన ప్రశ్నే అడిగారు. తలుపులు కరెంటుతో తెరుచుకుంటాయి కాబట్టి బ్యాటరీ చచ్చిపోతే బటన్ పనిచేయదు. లోపలున్నప్పుడు: సీటు పక్కన, నేల మీద, తలుపు వైపు చిన్న పిడి ఉంటుంది. దాన్ని పైకి లాగితే తలుపు చేత్తో తెరుచుకుంటుంది. ఈ రోజే చీకట్లో కూర్చుని, చూడకుండా, దాన్ని రెండుసార్లు వెతికి పట్టుకోండి. పక్క సీట్లో కూర్చునే ప్రతివారికీ చూపించండి. 2015 వేసవిలో టెక్సస్‌లోని పోర్ట్ ఆర్థర్‌లో బ్యాటరీ తీగ వదులై 2007 కార్వెట్‌లో ఇరుక్కున్న ఒక పెద్దాయన, ఆయన కుక్క ఎండ వేడికి చనిపోయారు.

బయటున్నప్పుడు: రిమోట్ లోపలి నుంచి చిన్న తాళం చెవి బయటికి వస్తుంది. వెనక నంబర్ ప్లేటు పైన, బంపర్ చాటున, తాళం కంత ఉంది. వంగి చూస్తేగానీ కనబడదు. దానితో డిక్కీ తెరిచి, లోపల ఎడమవైపున్న పట్టీ లాగితే డ్రైవర్ తలుపు తెరుచుకుంటుంది. కొన్నవారంలోనే ఆ కంతలో ఒకసారి తాళం తిప్పి చూడండి. ఏళ్ల తరబడి వాడక బిగుసుకుపోతుంది. వారాల తరబడి నిలబెట్టేవాళ్లు బ్యాటరీ మెయింటెయినర్ తగిలించి ఉంచడం మేలు.

ప్రశ్న: మాది 2007 సివిక్ కూపే. కూలెంట్ నెమ్మదిగా తగ్గుతోంది, కింద చుక్క కనబడదు. ఏసీ అరగంట బాగానే వచ్చి ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ వస్తుంది. ఖర్చు పెట్టాలా, అమ్మేయాలా? (కేరీ, నార్త్ కరోలినా)

జవాబు: రెండూ ఈ తరం సివిక్‌కు తెలిసిన జబ్బులే. ఒకటి పెద్దది, ఇంకొకటి చిల్లర.

2006 నుంచి 2008 దాకా, 2009 మొదట్లో వచ్చిన కొన్నిటిలో కూడా, 1.8 లీటర్ల ఇంజిన్ బ్లాక్ పోతలో లోపముంది. బ్లాక్ సన్నగా చీలి కూలెంట్ చెమ్మలా ఊరుతుంది. ఇంజిన్ వేడికి నేల మీద పడేలోపే ఆరిపోతుంది, అందుకే మీకు చుక్క కనబడట్లేదు. హోండా దీనికి వారంటీని పదేళ్లకు పెంచింది, ఆ గడువు ఇప్పుడు ముగిసింది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక టార్చి వేసి బ్లాక్ బయటి గోడలు చూడండి. ఎండిన కూలెంట్ తెల్లటి, నీలం రంగు పొక్కులా అంటుకుని ఉంటుంది. కానీ ముందే భయపడొద్దు. రేడియేటర్ మూత, గొట్టాల క్లిప్పులు, వాటర్ పంపు చుట్టూ కూడా చూడాలి. మెకానిక్‌తో చల్లటి ఇంజిన్‌కు ప్రెషర్ టెస్టు పెట్టించండి, కారుతున్నది ఎక్కడో అప్పుడే తేలుతుంది. బ్లాకే అయితే పై పూతలు, సీసాల్లో అమ్మే లీక్ మందులు నిలబడవు. పైగా ఆ మందు హీటర్ సన్న గొట్టాలను పూడ్చేస్తుంది. 2009 చివరి తర్వాతి సివిక్ నుంచి తీసిన పాత ఇంజిన్ పెట్టించడం ఒక్కటే దారి. మిగతా బండి తుప్పు లేకుండా ఉంటే అది గిట్టుబాటవుతుంది, లేకపోతే అమ్మేయండి. అమ్మేటప్పుడు ఉన్న మాట చెప్పండి.

ఏసీది కంప్రెసర్ ముందుండే క్లచ్. అయస్కాంతం ఒక పలకను లాక్కుని పుల్లీకి అతికిస్తుంది. రెండిటి మధ్య సందు అర మిల్లీమీటరు దగ్గర ఉండాలి. అరుగుతూ అరుగుతూ సందు పెరుగుతుంది. కాయిల్ వేడెక్కితే దానిలో కరెంటు తగ్గి అయస్కాంతం బలం పడిపోతుంది, పెరిగిన సందును దాటి పలకను లాగలేదు. చల్లారగానే మళ్లీ లాగుతుంది. మీరు రాసింది అచ్చం ఇదే. ముందు పైసా ఖర్చులేని పరీక్ష: బోనెట్ కింద ఫ్యూజు పెట్టెలో ఏసీ క్లచ్ రిలేను తీసి, అదే రకం పక్క రిలేతో మార్చి చూడండి. మార్పు లేకపోతే ఇంజిన్ ఆపి ఫీలర్ గేజుతో (సందులు కొలిచే పల్చటి రేకులు) సందు కొలవండి. ఎక్కువుంటే మధ్య బోల్టు విప్పి, పలక వెనకున్న పల్చటి వాషర్ ఒకటి తీసేస్తే సందు దగ్గరవుతుంది. చుట్టూ మూడు చోట్ల కొలిచి సమానంగా ఉందో లేదో చూడాలి. దీనికి గ్యాసు తీయనక్కర్లేదు. కంప్రెసర్ మొత్తం మార్చాలన్నవారిని ఈ సందు ఎంతుందో కొలిచారా అని అడగండి.

అమ్మినా ఉంచుకున్నా ముందు చేయాల్సింది ఇంకొకటి. 2006–2011 సివిక్‌లు టకాటా ఎయిర్‌బ్యాగుల రీకాల్‌లో ఉన్నాయి. ఏళ్ల తరబడి వేడికీ తేమకూ లోపలి మందు చెడి, బ్యాగు తెరుచుకునేటప్పుడు దాని లోహపు డబ్బా పగిలి ముక్కలు మొహంలోకి వస్తాయి. విండ్‌షీల్డ్ మూలలో ఉండే 17 అక్షరాల వీఐఎన్ నంబర్‌ను ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో కొట్టి చూడండి. బండి ఎంత పాతదైనా డీలర్ ఉచితంగా మార్చాలి.

ఉంచుకుంటే గేర్ ఆయిల్ కూడా చూసుకోండి. ఆటోమేటిక్‌కు హోండా డీడబ్ల్యూ1 ద్రవమే. ఒకసారి విప్పితే దాదాపు రెండున్నర క్వార్ట్‌లే వస్తాయి, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. కాబట్టి మధ్యలో కాస్త నడుపుతూ మూడుసార్లు మార్చాలి. ఐడిల్‌లో స్టీరింగ్ వణికితే గేర్‌బాక్స్‌ను తిట్టకండి, కుడివైపు ఇంజిన్ మౌంటు చూడండి. దానిలో నూనె ఉంటుంది, చిట్లితే కిందికి నల్లగా కారిన మరక కనిపిస్తుంది. వెనక టైర్లు లోపలి అంచులో అలలలా అరుగుతుంటే 2006–2007 బండ్లలో వెనక చక్రాన్ని పట్టి ఉంచే పై ఆర్ముల పొడవే కారణం. పొడవు సరిచేసిన ఆర్ములు వేసి అలైన్‌మెంట్ చేయించకుండా కొత్త టైర్లు కొంటే అవీ అలాగే పోతాయి.

ప్రశ్న: ట్రాక్ మీదికి వెళ్లాలని ఉంది. సివిక్‌తో మొదలుపెట్టాలా, కార్వెట్ కొన్నాక వెళ్లాలా? (ఆస్టిన్)

జవాబు: సివిక్‌తోనే, ముందు ఆటోక్రాస్‌కి. పెద్ద పార్కింగ్ స్థలంలో ప్లాస్టిక్ కోన్లు పెట్టి ఒక్కొక్క బండినే వదులుతారు. వేగం హైవే వేగాన్ని మించదు. ఢీకొట్టేది కోన్లనే. బండిలో వదులుగా ఉన్నవన్నీ, ఫ్లోర్ మ్యాట్లు కూడా, తీసేయండి. లగ్ నట్లు 80 ఫుట్ పౌండ్లకు బిగించారో లేదో చూసుకోండి, కార్వెట్‌కైతే 100. తక్కువ పవర్ బండిలో మూలమలుపు తప్పుగా తీసుకుంటే వేగం పోయి మళ్లీ అందుకోవడానికి చాలా సేపు పడుతుంది. అందుకే తప్పు వెంటనే తెలుస్తుంది. కార్వెట్‌లో అదే తప్పును కాలు నొక్కి కప్పిపుచ్చుకోవచ్చు.

మీ ఊళ్లోనే ఉన్న సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ 2012లో తెరిచింది. 5.5 కిలోమీటర్లు, 20 మలుపులు. అక్కడ మొదట చేతులెత్తేసేది ఇంజిన్ కాదు, బ్రేక్ ద్రవం. డాట్ 3 రకం కొత్త ద్రవం మరిగే హద్దు కనీసం 205 సెల్సియస్, డాట్ 4ది 230. తేమ పట్టాక అవే 140కీ 155కీ దిగుతాయి. ద్రవం మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ నేలకు తగులుతుంది. కాబట్టి వెళ్లేముందు వారంలోనే పూర్తిగా మార్పించండి, ఏ బండైనా సరే. కార్వెట్‌తో వెళ్తే మామూలు ఎల్‌ఎస్3కు ఇంకో గండం ఉంది: బాగా అతుక్కునే టైర్లతో పొడవాటి మలుపుల్లో ఆయిల్ ఒకవైపు పోగై పంపుకు అందదు. విడిగా ఆయిల్ ట్యాంకు ఉన్న డ్రై సంప్ బండ్లు అందుకే. మీ మామూలు ఇన్సూరెన్స్ ట్రాక్ మీద పనిచేస్తుందని అనుకోకండి. పాలసీలో ఆ వాక్యం వెతికి చదవండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో కొన్న 2010 కార్వెట్‌ను ఇంటికి తెచ్చుకోవాలనుకుంటున్నాడు. సుంకం కట్టేస్తే చాలా? (విజయవాడ)

జవాబు: చాలదండీ. విదేశంలో వాడిన కారు తెచ్చుకోవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ఈ కారు రెండు షరతుల్లోనూ ఓడిపోతుంది. కుడిచేతి స్టీరింగ్‌తో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మొదటి కార్వెట్ ఎనిమిదో తరంది, 2010ది ఆరో తరం. అక్కడే అమ్మేసి రమ్మనండి. ఇక్కడ అలాంటి వీ8 కావాలంటే 2016లో మన దేశానికి వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ జీటీ సెకండ్‌హ్యాండ్‌లో చూడొచ్చు. 5.0 లీటర్లు, సుమారు 400 హార్స్‌పవర్, స్టీరింగ్ కుడివైపే. కొనేముందు మీ వీధి స్పీడ్ బ్రేకర్ మీదుగా నలుగురిని కూర్చోబెట్టి ఒకసారి మెల్లగా దాటించి, కింద ఏది తగిలిందో వంగి చూడండి.